పదకొండు దారాల మూట

"ఈ క్యాప్సూళ్లు ఎవరివి?" మూడోసారి అడిగింది పోలీస్ కెప్టెన్ విలాసినీ.

"నావి కావమ్మా." మూడోసారీ అదే జవాబు.

మి చాన్‌కి నలభై మూడేళ్లు. మోన్ తెగ మనిషి. సరిహద్దు దాటొచ్చి ఎనిమిదేళ్లుగా హెంగ్ తాత ఇంట్లో వంటా వార్పూ చూసుకుంటోంది. నిన్న, బుధవారం పొద్దున ఏడూ అయిదుకి, ఇంటి ముందు నుంచి తొమ్మిదిమంది దేవుళ్ల పండగ ఊరేగింపు వెళ్తూ టపాసులు పేలుతుండగా, హెంగ్ తాత గుమ్మంలో వేసిన పూజబల్ల పక్కనే గుండె పట్టుకుని కూలిపోయాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి. ఆస్పత్రిలో ప్రాణమైతే ఉంది, స్పృహ లేదు. అంతకు అరగంట ముందు ఆయన తాగింది మి చాన్ కలిపిచ్చిన టీ. వంటింటి చెత్తబుట్టలో రెండు ఖాళీ క్యాప్సూల్ తొడుగులు దొరికాయి. ఆమె మంచం కింద ఈ గుడ్డమూట దొరికింది. ఇంకేం కావాలి? జిల్లా కార్యాలయం నుంచి ఊడిపడ్డ మేజర్ ప్రకోబ్ సాయంత్రానికల్లా ఆమెకి బేడీలు తగిలించాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి హత్యాయత్నం కింద కాగితాలు కోర్టుకి వెళ్తాయి. వెళ్లాయంటే పరాయి దేశపు పనిమనిషికి బెయిలూ ఉండదు, పర్మిటూ మిగలదు, మళ్లీ వెలుతురు ఎప్పుడు చూస్తుందో ఆ తొమ్మిదిమంది దేవుళ్లకే తెలియాలి.

గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది.

విలాసినీ మూట దగ్గరికి లాక్కుంది. మొత్తం పదకొండు కట్టలు. ఒక్కో కట్టకీ ఒక్కో రంగు దారం, రెండేసి ముడులు. అన్నీ ఒకటే మందు, ప్రొప్రనలాల్. గుండెదడనీ రక్తపోటునీ అదుపులో పెట్టే బీటా బ్లాకర్. కానీ ఒక కట్టలో నలభై మిల్లీగ్రాములవి, ఇంకోదాంట్లో ఎనభైవి, మరోదాంట్లో నూట అరవైవి. గడువు తేదీలు కూడా దేనికదే. ఇవి ఒకే ఇంట్లోంచి కొట్టేసినవి కావని కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది.

"సరే, మూట సంగతి వదిలెయ్. చెత్తబుట్టలో తొడుగులు?"

"అవి నేనే విప్పాను." మి చాన్ తలెత్తింది. "ఆదివారం పొద్దున. తాతగారి గంజిలో కలుపుదామని."

పక్కనే రాసుకుంటున్న కానిస్టేబుల్ కలం ఆగిపోయింది. విలాసినీకి ఒళ్లు మండింది. ఎవరైనా తమ గొయ్యి తామే ఇంత శుభ్రంగా తవ్వుకుంటారా?

"కలిపావా?"

"కలిపాను. ఆయన చూసేశాడు. గిన్నెతో సహా పెరట్లోకి విసిరికొట్టాడు."

"ఎందుకు? అది ఆయన రోజూ వేసుకునే మందే కదా?"

ఆమె మళ్లీ తల దించేసింది. "చెప్పకూడదమ్మా. దేవుడి ముందు మాటిచ్చాను."

తలుపు తోసుకుని ప్రకోబ్ వచ్చాడు. చేతిలో కాల్చిన పందిమాంసం పుల్ల. స్టేషన్లో సగంమంది తెల్లబట్టలు కట్టుకుని, తొమ్మిది రోజుల జే వ్రతంలో, మాంసం మాట అటుంచి, ఉల్లి వాసన కూడా తగలకుండా తిరుగుతుంటే, ఈయన గారు మాత్రం కావాలని ఆ పుల్ల అందరి ముక్కుల ముందూ ఆడిస్తూ నడుస్తాడు.

"ఏం చెల్లాయ్, ఒప్పుకుందా? గంజిలో కలిపానని దాని నోటితోనే అందటగా, వరండాలోకి వినపడింది. అలవాటైన చెయ్యి. ఆదివారం గంజి, బుధవారం టీ. గోళీలు గుప్పెడు విప్పి పోసుంటుంది, ముసలాడి గుండె ఆగిపోయింది. అంతే కథ."

"గుప్పెడెక్కడివి అన్నగారూ? తొడుగులు రెండే దొరికాయిగా."

"రెండు దొరికాయి. దొరకనివి ఎన్నో!"

విలాసినీ ఆ తొడుగులున్న ప్లాస్టిక్ సంచీ ఎత్తి దీపానికి అడ్డంగా పట్టింది. "సరిగ్గా చూడండి. ఇది ఎర్రది, మూత. ఇది తెల్లది, అడుగు. రెండూ కలిస్తే క్యాప్సూల్ ఒక్కటే. కాగితాల్లో మాత్రం రెండు క్యాప్సూళ్లని రాశారు."

కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గాడు. ప్రకోబ్ ముఖం కందిపోయింది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు. పన్నెండింటికి సంతకం పెడుతున్నాను. ఈలోగా నీ తెలివి ఎంతుందో అంతా ఖర్చు పెట్టుకో."

"పెడతాను. జీపు మాత్రం నాకు కావాలి."

"తీసుకెళ్లు, తీసుకెళ్లు. నాది నాకుంది."

హెంగ్ తాత ఇంటికి ఆమె చేరేసరికి ఎనిమిదీ యాభై. తాళం తీసిన పొరుగావిడ దూరంగా నిలబడి దండం పెట్టుకుంటోంది. విలాసినీ ముందు పెరట్లోకి వెళ్లింది. చూరు కింద, వానకి తడవని చోట, పింగాణీ ముక్కలు. గంజి ఎండి అట్ట కట్టింది. ఆ అట్టలో ఆవగింజల కంటే చిన్న తెల్లటి పూసలు అలాగే అతుక్కుని ఉన్నాయి. క్యాప్సూల్‌లోపల ఉండేవి అవే. ఒక్క పూసా ముసలాయన నోట్లోకి వెళ్లలేదన్నమాట. మి చాన్ ఆదివారం గురించి చెప్పింది అబద్ధం కాదు.

వంటిల్లు అద్దంలా ఉంది. గూళ్ల నిండా కొత్త తెల్లకాగితం. కొత్త మూకుడు, కొత్త గరిటెలు, కొత్త కత్తిపీట. చేపలు ఊరబెట్టి తీసే పులుసు నీళ్ల సీసా లేదు, రొయ్యల ముద్ద లేదు, వెల్లుల్లి రెబ్బ లేదు. వ్రతం పట్టిన ఇంట్లో ఉండకూడనిది ఏదీ లేదు. అందులో వింతేముంది, ఆమె ఇంట్లోనూ అంతే. శనివారం సాయంత్రం గుడిలో తొమ్మిది దీపాల స్తంభం ఎత్తకముందే అవన్నీ ఇల్లు దాటాలి. దాటి ఎక్కడికి వెళ్తాయి? వ్రతం పట్టనివాళ్ల ఇంటికి.

ఈ ఇంట్లో వ్రతం పట్టనిది ఒక్క మి చానే. ఆవిడ పూట పూటకీ ఎండుచేప లేకపోతే ముద్ద దిగని మనిషి.

విలాసినీ వెనక గదిలోకి నడిచింది. నిన్న ప్రకోబ్ మనుషులు మంచం తిరగేసి, మూట దొరకగానే చంకలు గుద్దుకుంటూ వెళ్లిపోయారు. మిగతాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గోడ వారగా అట్టపెట్టెలో చేపపులుసు సీసాలు, పాత మూకుళ్లు, మాంసం కొట్టే మొద్దు. బాగానే ఉంది. పక్కన ఇంకో పెట్టె. అందులో తోలు బెల్టు. తోలు చెప్పులు. ఎముక పిడి ఉన్న దువ్వెన. ఈకల దిండు. ఒక్కోటీ చేతికి తీసుకుంటుంటే ఆమెకి నవ్వొచ్చింది. ముసలాయన పట్టు పట్టాడంటే పట్టాడే. తిండిలోనే కాదు, ఒంటి మీదా తల కిందా కూడా జంతువన్నది లేకుండా ఏరిపారేశాడు.

దిండు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

శనివారం తను కూడా ఒకటి ఏరిపారేసింది. మోకాళ్ల నొప్పులకని వేసుకునే చేపనూనె మాత్రలు. ఆలోచించనైనా ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే వాటిని తీసి పొరుగింటికి ఇచ్చే సంచీలో పడేసింది. అందులో చేప ఉందని పేరులోనే ఉంది. మరి మిగతా క్యాప్సూళ్లలో? లోపలి మందు ఏదైనా కానీ, పైన తొడుగు దేనితో చేస్తారు? పశువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురుతో.

"అయ్యో తాతా!" అంది పైకే. పొరుగావిడ ఉలిక్కిపడి లోపలికి తొంగి చూసింది.

విషమూ లేదు, దొంగతనమూ లేదు. తోలు చెప్పులు ఏ దారిన ఈ గదికొచ్చాయో గుండె మందు కూడా ఆ దారినే వచ్చింది. శనివారం పొద్దున చివరి క్యాప్సూల్. ఆది, సోమ, మంగళ, బుధ. నాలుగు రోజులు.

కానీ తను నమ్మితే సరిపోదు. ప్రకోబ్ ముందు పెట్టడానికి సాక్ష్యం కావాలి. సాక్ష్యం చెప్పాల్సిన పెద్దమనిషేమో స్పృహ లేకుండా పడున్నాడు. మాట్లాడలేని మనిషి కోసం మాట్లాడగలిగేది ఆయన రక్తమొక్కటే.

తొమ్మిదీ నలభైకి ఆమె ఆస్పత్రి రెండో అంతస్తులో, రక్తపరీక్షల గది తలుపు తట్టింది. డాక్టర్ రచనీ రక్తరోగాల నిపుణురాలు. యాభై దాటిన మనిషి, మెడలో రెండు కళ్లజోళ్లు వేలాడేసుకుని మూడోదాని కోసం వెతుక్కుంటోంది.

"పోలీసులా? నిన్నొకాయన వచ్చాడు. కడుపులో విషముందా లేదా ఒక్క మాటలో చెప్పమన్నాడు. నేను కడుపుల డాక్టర్ని కాను పొమ్మన్నాను."

"నేను రక్తం గురించే వచ్చానమ్మా. హెంగ్ తాత ప్రొప్రనలాల్ నాలుగు రోజులుగా వేసుకోలేదని నా అనుమానం. రక్తం చూసి చెప్పగలరా?"

రచనీ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది. ముఖంలో చిరాకు మాయమై ఇంకేదో వచ్చింది. "మందు ఎంతుందో కొలవడానికి శాంపిల్ బ్యాంకాక్ పంపాం. మూడు రోజులు పడుతుంది."

"నాకున్నది రెండు గంటలు."

"అయితే ఇలా రా. నిన్నట్నుంచీ ఒక గీత నన్ను నిద్రపోనివ్వట్లేదు."

ఆమె సొరుగులోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పరిచింది. రెండింటి మీదా ఒక్కో గీత. ఒకటి నేల మీద పాకుతున్నట్టు పక్కకి సాగింది. రెండోది మొదట్లోనే నిట్టనిలువుగా లేచింది.

"ప్లేట్‌లెట్లు తెలుసుగా? దెబ్బ తగిలితే రక్తం ఆగేట్టు గుంపుగా అతుక్కునేవి. ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నిందంటే, అంటే భయమో కంగారో పుట్టిందంటే, అది వాటికి 'లేవండ్రా, దొంగలు పడ్డారు' అన్న కేక. ఇవి లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బీటా బ్లాకర్ వాడేవాళ్లలో చాలామందికి ఆ కేక సరిగ్గా వినపడదు. ప్లేట్‌లెట్లు బద్ధకిస్తాయి. గుండెకి అదీ ఒక మేలే."

"ఈ గీత?"

"ప్లాస్మాలో అడ్రినలిన్ చుక్క వేసి వెలుతురు పంపిస్తాం. ప్లేట్‌లెట్లు గుంపు కడితే మసక తేటపడుతుంది, గీత పైకి లేస్తుంది. ఈ మందు వాడే అరవైమందిని నేను జూన్‌లో పరీక్షించాను, నా సొంత అధ్యయనం కోసం. ఈ పాకే గీత అందులోది. మీ హెంగ్ తాతదే."

విలాసినీ వేలు రెండో కాగితం మీదికి వెళ్లింది. "ఇదెవరిది?"

"అదీ ఆయనదే. నిన్న ఏడూ యాభైకి, ఏ మందూ ఎక్కించకముందు తీసిన రక్తం. ఈ పరీక్ష నాలుగు గంటల్లోపు చెయ్యాలి. పదింబావుకి చేశాను. జూన్‌లో వేసిన దాంట్లో పదో వంతు అడ్రినలిన్‌కే ఎలా ఎగిరిందో చూడు."

"గుండెపోటు వచ్చింది కాబట్టి ఎగిరుండొచ్చుగా? ప్రకోబ్ అదే అంటాడు."

"అంటే అన్నాడు, మంచి ప్రశ్నే. గుండెపోటులో ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి, నిజమే. ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, అదీ నిజమే. అందుకే ఈ గీతొక్కదాన్నే పట్టుకుని ప్రమాణం చెయ్యమంటే చెయ్యను. కానీ ఇంకోటి చూడు." రచనీ కేసు కాగితం తిప్పింది. "తీసుకొచ్చినప్పుడు నాడి నిమిషానికి నూట ముప్ఫై. మందు ఒంట్లో ఉన్నవాడి నాడి అలా పరుగెత్తదు. మీ మేజర్ చెప్పినట్టు గుప్పెడు మందు తాగించి ఉంటే నలభైకి పడిపోయేది. రెండూ కలిపి చూస్తే ఒకటే అర్థం. మందు ఎక్కువై కాదు, లేక. అది కూడా ఠక్కున ఆపేసినందువల్ల."

"ఠక్కున ఆపితే?"

"చాలాకాలం చెవులు మూసుకున్నవాడు ఒక్కసారి తెరిస్తే చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడతాడు. గుండే అంతే, ప్లేట్‌లెట్లూ అంతే. రెండో రోజు నుంచి వారం, పది రోజుల దాకా గండం. అందుకే ఈ మందు మెల్లమెల్లగా తగ్గించాలే గానీ ఒక్కసారి ఆపకూడదు. సరిగ్గా ఆ గండంలో చెవి పక్కన టపాసుల సరం పేలిందనుకో..." ఆమె కేసు కాగితం మూసేసింది. "అసలు ఎందుకాపాడు? బుద్ధిమంతుడే, జూన్‌లో ఒక్క రోజు కూడా మానలేదని చెప్పాడు."

విలాసినీ చెప్పింది. ఈకల దిండు నుంచి మొదలుపెట్టి.

రచనీ కుర్చీలో కూలబడింది. "క్యాప్సూల్ తొడుగు! బ్రహ్మాండంగా ఉంది. మేం గుండె గురించి అడుగుతాం, కడుపు గురించి అడుగుతాం. వ్రతం పడతారా అని ఒక్కడూ అడగడు. మామూలు బిళ్ల రాసిచ్చినా పోయేది కదా, ఇదే మందు బిళ్లగా కూడా ఉంది!"

అప్పుడే వరండాలో బూట్ల చప్పుడైంది. ప్రకోబ్ గొంతు ముందొచ్చింది, తరవాత మనిషి వచ్చాడు. వెనక బేడీలతో మి చాన్.

"ముసలాయనకి తెలివొచ్చిందట. దీన్ని ఎదురుగా నిలబెడతాను. ఎవరు టీ ఇచ్చారో ఆయనే చెప్తాడు."

"నా పేషెంటు ముందుకి బేడీలు తీసుకెళ్తే నేనే మీకు బేడీలు వేయిస్తాను," అంది రచనీ కళ్లజోడు సర్దుకుంటూ.

వెంట వచ్చిన నర్సు నసిగింది. "ఆయన మాట్లాడాడు డాక్టర్. కళ్లు తెరవగానే, మి చాన్ ఏది, టీ ఇంకా తేలేదేం అని కసురుకున్నాడు."

మి చాన్ రెండు చేతులూ ఎత్తి, బేడీలతోనే ముఖం కప్పుకుని బావురుమంది. బతికాడన్న సంతోషమో, ఆ కసురు మళ్లీ విన్నందుకో, ఎక్కిళ్లు ఆగలేదు.

"మగతలో మాటలు," అన్నాడు ప్రకోబ్. "చెల్లవు."

"మరి ఇవి చెల్లుతాయా?" విలాసినీ ఆ రెండు కాగితాలూ ఆయన ముందు పరిచి, గీతల సంగతీ, నాడి సంగతీ, పెరట్లో పెంకుల సంగతీ, వెనక గదిలో పెట్టె సంగతీ గడగడా అప్పజెప్పింది. "మందు ఎక్కువై పడ్డ మనిషి కాదు సార్, మందు మానేసి పడ్డ మనిషి. ఆవిడ విషం కలపలేదు. వ్రతం చెడకుండా, ప్రాణం పోకుండా చూద్దామని తొడుగు విప్పి లోపలిది గంజిలో వేసింది. ఈ ఊళ్లో ఆయన ప్రాణం గురించి దిగులుపడ్డ ఒకే ఒక్క మనిషికి మీరు బేడీలేశారు."

"కథ బాగుంది. మరి ఆ పదకొండు కట్టల గోళీల మూట? అన్నీ ముసలాడివేనా?"

"కావు. అదే ఇప్పుడు భయం." ఆమె మి చాన్ వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "అక్కా, విను. ఆ పదకొండు దారాలు పదకొండుమంది. శనివారం గుడి దగ్గర నీ చేతికిచ్చారు, పిల్లలకి చెప్పొద్దని మాట తీసుకున్నారు. అవునా?"

మి చాన్ కళ్లు తుడుచుకుంది.

"హెంగ్ తాతకి జరిగిందే వాళ్లకీ జరుగుతుంది. ఇవాళ్టికి అయిదో రోజు. నువ్వు మాట నిలబెట్టుకుంటే మనుషులు నిలబడరు."

"తొమ్మిది రోజులేగా, ఏం కాదన్నారమ్మా." అంది మి చాన్. "మందు పారెయ్యకూడదు, ఇంట్లో ఉంచకూడదు, నువ్వు చేప తింటావు కాబట్టి నీ దగ్గరుంచు అన్నారు. ఎవరివి ఎవరివో కలిసిపోతాయని దారాలు కట్టాను. దానివల్లే ఆయన పడ్డారా? నిజంగా దానివల్లేనా?"

"దానివల్లే," అంది రచనీ. "కానీ చెబితే మిగతా పదిమందీ పడరు. బిళ్లలు నా దగ్గరున్నాయి. ఇదుగో, డబ్బాలోని వివరాల కాగితంలో రాసే ఉంది. మొక్కజొన్న పిండితో చేసినవి. ఎముక లేదు, తోలు లేదు, పాలు కూడా లేవు. ఏ దేవుడూ తప్పు పట్టడు."

మి చాన్ పెద్దగా ఊపిరి తీసుకుంది. తరవాత ఆగలేదు. ఆకుపచ్చ దారం టైలరు కియాట్ బాబాయిది. పసుపు నూడిల్స్ కొట్టు పెద్దావిడది. తెలుపు, నీలం గుడి వెనక అన్నదమ్ములవి. ఆమె చెప్పే కొద్దీ రచనీ రాస్తోంది, నర్సు ఒక్కో పేరుకీ ఫోన్ నంబరు వెతుకుతోంది. రెండో పేరు చెప్పేలోపే నర్సు మొదటి నంబరుకి ఫోన్ చేసేసింది. టైలరు బాబాయి ఎత్తాడు, బాగానే ఉన్నాడు, కొడుకు స్కూటర్ మీద వెంటనే తీసుకొస్తానన్నాడు. గదిలో అందరికీ కాస్త ఊపిరాడింది. ప్రకోబ్ మాత్రం గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఓడిపోతున్న ఆటని చూస్తున్నట్టు నిలబడ్డాడు.

హెంగ్ తాతతో కలిపి పది పేర్లు అయ్యాయి. మి చాన్ ఆగింది.

"ఇంకొకటుంది," అంది విలాసినీ. "ఊదా రంగు."

మి చాన్ మేజర్ వైపు చూసి, చూపు దించుకుంది. "మొదట ఈ మాట అన్నది ఆవిడే. జే అంటే తిండొక్కటే కాదు, మందు గొట్టం కూడా ఆవు ఎముకే అని గుడి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పారు. ఆవిడ చెబితే ఎవరు కాదంటారు? అందరి దగ్గరా ఆవిడే పోగుచేసి నాకిచ్చారు."

"ఎవరే ఆవిడ?" అన్నాడు ప్రకోబ్ విసుగ్గా.

"మీ అమ్మగారు సార్. అందరూ ఆమా సియు అంటారు."

ప్రకోబ్ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"మా అమ్మ... నాకు తెలీదు. మాంసం తినేవాడు గుమ్మం తొక్కొద్దంటుంది. తొమ్మిది రోజులూ క్వార్టర్సులోనే పడుంటాను. శనివారం నుంచి చూడనేలేదు." ఆయన గొంతులో మేజరెవరూ లేరు. "ఊరేగింపు ఇవాళ మా వీధికే వస్తుంది. పదకొండుకి. టపాసులన్నీ మా ఇంటి ముందే పేలుస్తారు. తనే అంటించాలంటుంది ప్రతి ఏడూ."

గడియారం పదీ ముప్ఫై నాలుగు.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. డప్పుల మోతలోంచి ఒక ముసలి గొంతు ఖంగుమంది. "ఏరా, ఇప్పుడు గుర్తొచ్చిందా అమ్మ? మందా? నా మందు ఊసు నీకెవడు చెప్పాడు? దేవుడి పనిలో అడ్డం రాకు. నోట్లో పంది పెట్టుకుని నాకు నీతులా!" టక్కున పెట్టేసింది. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు.

"నా మాట వినదు," అన్నాడు ఎవరితోనో. "ఎప్పుడు విన్నది గనక? ఆంబులెన్సు పంపినా ఎక్కదు, డాక్టరు వెళ్లినా తలుపు తియ్యదు."

"నేను చెబితే వింటారు సార్," అంది మి చాన్ నెమ్మదిగా.

ప్రకోబ్ ఆమె వైపు చూశాడు. నిన్న సాయంత్రం నుంచీ ఏయ్, ఒసేయ్, అదీ ఇదీ తప్ప ఆయన నోట ఆమెకి పేరన్నది లేదు. జేబులు తడుముకుని తాళం చెవి తీసి, తనే వంగి బేడీలు విప్పాడు. రెండో చేతిది తిరగలేదు. బండబూతు ఒకటి తిట్టుకుని, బలంగా తిప్పి లాగేశాడు.

"అక్కా," అన్నాడు. "రా అక్కా. నీకు దణ్ణం పెడతాను, తొందరగా రా."

రచనీ బిళ్లల డబ్బా, గుండె చూసే చిన్న యంత్రం సంచీలో వేసుకుని ముందే మెట్లు దిగుతోంది. జీపులో ప్రకోబ్ పక్క సీట్లో మి చాన్‌ని కూచోబెట్టాడు, వెనక విలాసినీ, డాక్టరు ఎక్కారు. సైరన్ మోగింది. ఊరేగింపు కోసం సగం దారులు మూసేశారు. వాచీ చూసుకోవడం ఇష్టం లేక విలాసినీ చేతిని ఒళ్లో కప్పెట్టుకుంది. పన్నెండింటి కాగితాల గురించి ఇప్పుడెవరికీ గుర్తే లేదు. అదొక్కటీ గెలిచినట్టే. కానీ ఆ గెలుపు తీపి నాలిక్కి తగలట్లేదు.

"నీ ఫోన్లోంచి చెయ్ అక్కా," అని ప్రకోబ్ స్టేషన్లో స్వాధీనం చేసుకున్న ఆమె పాత ఫోన్ని జేబులోంచి తీసిచ్చాడు. ఆమె స్పీకర్ నొక్కి చేసింది. రెండో రింగుకే ఎత్తింది ఆమా సియు.

"ఎవరూ, మి చానా? నిన్ను పోలీసులు పట్టుకుపోయారన్నారే! ఆ దుర్మార్గుడు మావాడేనటగా!"

"వదిలేశారు ఆమా. హెంగ్ తాతగారికి తెలివొచ్చింది, టీ ఏదని తిడుతున్నారట."

"బతికాడా? దేవుడున్నాడే!" ముసలి గొంతు ఒక్కసారి పలచబడింది. "నేనే చెప్పి చంపుకున్నానేమోనని నాలుగు మెతుకులు దిగలేదే నిన్నట్నుంచీ."

"ఏం కాలేదు. మీ దగ్గరికే వస్తున్నాను. ఎముక లేని మందు తెస్తున్నాను, పిండి బిళ్ల. నేనొచ్చేదాకా బయటికి రాకండి, టపాసులు ఎవరికైనా ఇచ్చెయ్యండి. లోపల గదిలో కూచోండి. నా మీద ఒట్టు."

డప్పులు దగ్గరవుతున్నాయి. అవి ఫోన్లోంచి వస్తున్నాయా, వీధిలోంచి వస్తున్నాయా అన్నది తెలియట్లేదు. ప్రకోబ్ స్టీరింగ్ మీద వాలిపోయి నడుపుతున్నాడు.

"సరేలే, నువ్వన్నావు కాబట్టి కూచుంటా," అంది ఆమా సియు. తరవాత గొంతు తగ్గించింది, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "తొందరగా రావే. మావాడితో మాత్రం చెప్పకు, వట్టి పిరికిపీనుగ, కంగారుపడతాడు. పొద్దుట్నుంచీ ఎడం చెయ్యి లాగేస్తోందే."